డీజే సెట్ రికార్డింగ్: కొత్త రికార్డర్ కాదు, జనం వైపు తిరిగిన ఒక పాత ఫోన్ కావాలి

డీజే సెట్ రికార్డ్ చేయడానికి ఏ రికార్డర్ కొనాలి అని అడిగేవాళ్లకి నా సమాధానం ఒకటే: ముందు ఏమీ కొనకండి. జేబులో ఉన్న ఫోన్, ఇంట్లో ఏదో డ్రాయర్‌లో పడి ఉన్న పాత ఫోన్, ఒక కేబుల్. వీటితో వచ్చే రికార్డింగ్, ఇరవై వేలు పోసి కొన్న రికార్డర్‌ని స్పీకర్ ముందు పెట్టి చేసినదానికన్నా బాగుంటుంది. డబ్బుల్లేనివాళ్లని ఓదార్చడానికి చెప్తున్న మాట కాదిది. ఇక్కడ అసలు సమస్య మైక్ ధర కాదు, మైక్ పెట్టే చోటు.

యూట్యూబ్‌లో లైవ్ మిక్స్ అని వెతకండి. రెండు రకాలు దొరుకుతాయి. మొదటిది సాఫ్ట్‌వేర్‌లోంచి నేరుగా తీసిన మిక్స్. క్లీన్‌గా ఉంటుంది, బేస్ బ్రహ్మాండంగా ఉంటుంది, కానీ ఆ డీజే తన రూమ్‌లో ఒక్కడే కూర్చుని చేశాడో, మూడు వేల మంది ముందు చేశాడో వినేవాడికి తెలీదు. రెండోది జనంలో నిలబడి ఫోన్‌తో తీసిన క్లిప్. గర్ గర్‌మనే బేస్, కిక్ పడ్డప్పుడల్లా మిగతా సౌండ్ అంతా లోపలికి కుంగిపోవడం, పక్కన నిలబడ్డ ఇద్దరు బిర్యానీ ఎప్పుడు పెడతారని మాట్లాడుకున్నది మాత్రం స్పష్టంగా. మొదటిదాంట్లో రాత్రి లేదు, రెండోదాంట్లో పాట లేదు.

ఈ రెండూ కలిసినప్పుడు ఏమవుతుందో తెలియాలంటే డాఫ్ట్ పంక్ 'అలైవ్ 2007' వినండి. ఆ ఏడాది జూన్‌లో పారిస్‌లోని బెర్సీలో జరిగిన షో అది. పాటలన్నీ అందరికీ తెలిసినవే, కానీ ఒక పాటలోంచి ఇంకో పాట తల బయటపెట్టగానే జనం గుర్తుపట్టి అరిచే అరుపు ఉంది చూశారా, ఆ ఆల్బమ్‌కి ప్రాణం అదే. 2010లో లండన్‌లో వెబ్‌క్యామ్‌తో మొదలైన బాయిలర్ రూమ్ ఇంత పెద్దదవడానికీ కారణం ఇంచుమించు ఇదే. డీజేని స్టేజీ ఎక్కించకుండా జనం మధ్యలో నిలబెట్టారు. 2022లో ఫ్రెడ్ అగైన్ చేసిన సెట్‌లో వెనకున్న ఒకతని చెయ్యి తగిలి పాట ఆగిపోతుంది. ఆ ఆగిపోయిన క్షణాన్ని కూడా జనం మళ్లీ మళ్లీ చూస్తున్నారు. మిక్సర్ అవుట్‌పుట్ ఒక్కటే రికార్డ్ చేసి ఉంటే అక్కడ మనకి వినిపించేది ఉత్త నిశ్శబ్దం.

ఇక మన సంగతి. హైదరాబాద్ నిమజ్జనాల్లో, పల్లె బరాత్‌లలో డీసీఎం మీద బాక్సులు కట్టి, జనరేటర్ పెట్టి, తీన్మార్ బీట్ మీద సినిమా పాటని తిప్పి కొట్టే డీజేలు ఏళ్ల తరబడి ఉన్నారు. ఆ పాట ఎక్కడ ఆపితే జనం అందుకుంటారో, ఎక్కడ మళ్లీ వదిలితే ఎగురుతారో తెలిసిన చేతులవి. దాన్నుంచి మనకి మిగిలిందేంటి? ముప్పై సెకన్ల వాట్సాప్ స్టేటస్‌లు. 2024 అక్టోబర్‌లో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలని నిషేధించారు. ఆ సౌండ్‌తో నిద్రలేని ముసలివాళ్ల పక్షాన ఆలోచిస్తే నాకు దాని మీద పెద్ద ఫిర్యాదు లేదు. కానీ ఆ రాత్రుల్లో ఒక్కటైనా చెవులకి ఇంపుగా వినగలిగేలా రికార్డ్ అయి ఉంటే బాగుండేదని మాత్రం అనిపిస్తుంది. కాలేజీ ఫెస్టులు, సంగీత్‌లు, కేఫ్ గిగ్‌లు ఇంకా జరుగుతున్నాయి. కనీసం వాటినైనా పట్టుకోండి.

పని రెండు భాగాలు. పాట ఒక ఫైల్‌లోకి, జనం ఇంకో ఫైల్‌లోకి, దేనికది విడిగా.

పాట సంగతి తేలిక. డీడీజే-ఎఫ్ఎల్ఎక్స్4 లాంటి చిన్న కంట్రోలర్ వాడేవాళ్లు రికార్డ్‌బాక్స్‌లోనే రికార్డ్ బటన్ నొక్కండి, పైసా ఖర్చు లేదు. ఒక్కటే చిక్కు: స్ట్రీమింగ్ సర్వీస్ నుంచి పాట లోడ్ చేస్తే రికార్డింగ్ పనిచేయదు. డీజేఎం-900 లాంటి క్లబ్ మిక్సర్ అయితే వెనకాల రెక్ అవుట్ అని విడిగా ఉంటుంది. అక్కడి నుంచి ఆర్‌సీఏ కేబుల్‌తో బెహ్రింగర్ యూసీఏ222 లాంటి చవకరకం సౌండ్ కార్డ్‌కి, దాన్నుంచి ఓటీజీతో ఫోన్‌కి. మాస్టర్ నాబ్‌ని ఎవరెంత తిప్పినా రెక్ అవుట్ లెవెల్ మారదు, అందుకే అది బంగారం. రెక్ అవుట్ లేకపోతే మాస్టర్‌ని వై-కేబుల్‌తో రెండుగా చీల్చుకోవచ్చు. ఒక అవుట్‌పుట్‌ని రెండు ఇన్‌పుట్‌లకి ఇవ్వొచ్చు, రెండు అవుట్‌పుట్‌లని కలిపి ఒక ఇన్‌పుట్‌కి మాత్రం ఇవ్వకండి. లెవెల్ పీక్‌లో మైనస్ 12 దగ్గర ఉంచితే చాలు. రాత్రి గడిచేకొద్దీ ప్రతి డీజే చెయ్యీ పైకే పోతుంది, కిందకి రాదు. క్లిప్ అయిన కిక్‌ని తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా బాగుచేయలేదు. జనరేటర్ కరెంట్ మీద హమ్ వస్తుంటే రికార్డ్ చేసే ఫోన్‌నో ల్యాప్‌టాప్‌నో చార్జర్ నుంచి తీసి బ్యాటరీ మీద నడపండి, చాలాసార్లు అక్కడితో పోతుంది.

జనం దగ్గరే అసలు కథ. ఫోన్‌లో మామూలు వాయిస్ రికార్డర్ తెరిచి పెట్టేస్తే ఏమవుతుంది? ఆ యాప్ మనిషి మాట కోసం తయారైంది. మాట కానిదంతా దాని దృష్టిలో నాయిస్. వెయ్యి మంది అరుపు కూడా నాయిసే, దాన్ని శ్రద్ధగా తుడిచేస్తుంది. పైగా ఆటో గెయిన్: కిక్ పడగానే లెవెల్ తగ్గిస్తుంది, కిక్ అయ్యాక మెల్లగా పెంచుతుంది, పెంచేలోపు ఇంకో కిక్. సౌండ్ కుంగిపోతోందని పైన అన్నానే, అది ఇదే. ఏఐ నాయిస్ రిడక్షన్ అని కంపెనీలు స్టేజీ మీద గొప్పగా చెప్పుకునే ఫీచర్ ఇక్కడ మనకి శత్రువు. (ఫోన్ రివ్యూల్లో కెమెరాకి నాలుగు పేజీలు, మైక్‌కి ఒక లైను. పెద్ద సౌండ్ దగ్గర పెట్టి మైక్ ఎక్కడ చేతులెత్తేస్తుందో చూసే రివ్యూ దాదాపు కనపడదు.) ఆండ్రాయిడ్ 7 నుంచి అన్‌ప్రాసెస్డ్ అనే ఆడియో సోర్స్ ఉంది. ఫోన్ తయారీదారు దాన్ని సరిగ్గా ఇచ్చి ఉంటే, ఓపెన్ కెమెరా లాంటి ఉచిత యాప్ సెట్టింగ్స్‌లో దాన్ని ఎంచుకోవచ్చు. గిగ్‌కి ముందే ఇంట్లో బ్లూటూత్ స్పీకర్ గట్టిగా పెట్టి అయిదు నిమిషాలు టెస్ట్ చేస్తే మీ ఫోన్ సంగతేంటో తేలిపోతుంది.

ఇప్పుడు చోటు. దాదాపు అందరూ ఫోన్‌ని స్పీకర్‌కి ఎదురుగా పెడతారు, పాట బాగా రావాలని. పాట మనకి వేరే ఫైల్‌లో ఆల్రెడీ ఉంది కదా! ఈ ఫోన్‌కి కావాల్సింది జనం. కాబట్టి స్పీకర్ల లైన్‌కి వెనకాల, డీజే టేబుల్‌కి ఒక పక్కన, తలల కన్నా ఎత్తులో, మైక్ జనం వైపు తిరిగేలా పెట్టండి. స్పీకర్లు హై సౌండ్‌ని ముందుకే తోస్తాయి, వెనక్కి వచ్చేది ఎక్కువగా బేస్. ఆ బేస్‌ని తర్వాత ఎడిటింగ్‌లో సులువుగా కోసేయొచ్చు. మిగిలేది జనం. మరీ జనంలోకి దూర్చకండి, లేదంటే పైన చెప్పిన బిర్యానీ చర్చ వస్తుంది. బండి మీద పెడితే కింద మందపాటి స్పాంజ్ వెయ్యండి, లేకపోతే ఇంజిన్ వణుకు మొత్తం ఎక్కుతుంది. ఆరుబయట గాలికి మైక్ రంధ్రం మీద పల్చటి స్పాంజ్ ముక్క చాలు.

ఎయిర్‌ప్లేన్ మోడ్ తప్పనిసరి. డ్రాప్ పడే టైమ్‌కి అమ్మ ఫోన్ చేసి ఎక్కడున్నావ్ రా అంటే రికార్డింగ్ అక్కడితో ఆగిపోవచ్చు. స్టోరేజ్‌కి భయపడక్కర్లేదు: 48 కిలోహెర్ట్జ్, 16 బిట్ స్టీరియో వేవ్ ఫైల్ గంటకి సుమారు 690 ఎంబీ.

మరి రికార్డర్ కొనడం దండగా అంటే, కాదు. నెలకి నాలుగు గిగ్‌లు చేసేవాళ్లకి జూమ్ హెచ్1 ఎసెన్షియల్ లాంటిది పనికొస్తుంది. కానీ 32 బిట్ ఫ్లోట్ ఉంటే సౌండ్ ఎప్పటికీ పగలదు అన్న ప్రచారాన్ని పూర్తిగా నమ్మకండి. అది రికార్డయ్యే అంకెలని కాపాడుతుంది, మైక్ క్యాప్సూల్‌ని కాదు. బాక్స్ ముందు పెడితే క్యాప్సూల్ దగ్గరే సౌండ్ పగిలిపోతుంది, ఆ పగిలిన సౌండ్‌నే 32 బిట్లలో భద్రంగా దాచిపెడుతుంది. చోటు తప్పయితే ఖరీదైన మైక్ కూడా అదే తప్పుని ఖరీదుగా చేస్తుంది.

ఇంటికొచ్చాక రెండు ఫైళ్లనీ ఆడాసిటీలోనో రీపర్‌లోనో ఒకదాని కింద ఒకటి వెయ్యండి. మొదటి కిక్ రెండిట్లోనూ కనిపిస్తుంది, దాన్ని పట్టుకుని కలపండి. ధ్వని సెకనుకి దాదాపు 343 మీటర్లే వెళ్తుంది కాబట్టి 10 మీటర్ల దూరంలో ఉన్న ఫోన్‌కి పాట దాదాపు 29 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. సరిచేయకపోతే ప్రతి కిక్కూ రెండుసార్లు కొట్టినట్టు ఉంటుంది. సరే, మొదట్లో కలిపారు, గంట తర్వాత చూస్తే మళ్లీ ఎడం వచ్చింది. కంగారు పడకండి, ఏ ఫైలూ పాడవలేదు. రెండు పరికరాల లోపలి గడియారాలు అచ్చంగా ఒకే వేగంతో నడవవు. పది లక్షలకి 50 వంతుల తేడా ఉన్నా గంటకి 180 మిల్లీసెకన్లు. దీన్ని సరిచేయడానికి లెక్కలు వేసి ఫైల్‌ని సాగదీసే పద్ధతులున్నాయి గానీ, నేనైతే జనం ఫైల్‌ని పది నిమిషాలకోసారి ముక్క చేసి, ప్రతి ముక్కనీ మళ్లీ కిక్‌కి జరుపుతాను. జనం గోలలో చిన్న క్రాస్‌ఫేడ్ ఎవరికీ వినపడదు.

జనం ట్రాక్‌లో 200 హెర్ట్జ్ కింద ఉన్నదంతా కోసేయండి. అరుపులు, చప్పట్లు, ఈలలు అన్నీ దానికి పైనే ఉంటాయి. లెవెల్ పాట కన్నా 12 డెసిబెల్స్ కింద మొదలుపెట్టండి. ఆ తర్వాత చేసే పనే మిక్స్‌ని మారుస్తుంది: పాట దట్టంగా నడుస్తున్నప్పుడు జనాన్ని ఇంకా తగ్గించండి, బ్రేక్‌లో మెల్లగా పెంచండి, డ్రాప్‌కి ముందు ఆ ఒక్క సెకను ఖాళీలో పూర్తిగా పైకి తీసుకురండి. డీజే పాట ఆపేసి జనం చేత పాడించిన చోట అయితే జనమే పాట, అక్కడ సిగ్గుపడకుండా వదిలేయండి. ఒకటే విన్నపం, ఇంటర్నెట్‌లో దొరికే రెడీమేడ్ క్రౌడ్ శాంపిల్స్ అతికించకండి. ఎక్కడో స్టేడియంలో ఎవరికోసమో అరిచిన అరుపుని మీ ఊరి సంగీత్ మీద వేస్తే ఎవరికైనా తెలిసిపోతుంది. యాభై మందే వచ్చారా, యాభై మందే వినపడనివ్వండి. యాభై మంది గొంతు కలిపి సినిమా పాట పల్లవి అందుకుంటే అది చాలు.

యూట్యూబ్‌లో పెడితే సినిమా పాటలకి కంటెంట్ ఐడీ క్లెయిమ్ పడే అవకాశం ఎక్కువ, ఒక్కోసారి వీడియో బ్లాక్ కూడా అవుతుంది. మిక్స్‌క్లౌడ్ పాటల హక్కుదారులకి డబ్బు కట్టే ఒప్పందాలతో డీజే సెట్ల కోసమే నడుస్తోంది కాబట్టి ఆడియో వరకూ అక్కడ పెట్టడం తలనొప్పి తక్కువ. ఎక్కడ పెట్టినా, కలిపిన ఫైల్ ఒక్కటే ఉంచుకుని మిగతావి డిలీట్ చేయకండి. పాట ఫైల్, జనం ఫైల్ రెండూ తేదీ, ఊరి పేరు పెట్టి విడిగా దాచండి. ఏడాది తర్వాత మీ చెవి మారుతుంది, అప్పుడు జనాన్ని ఇంకొంచెం పెంచాలనిపిస్తుంది.