అచ్చు వేడెక్కే సంగతి సరే, ఇంట్లో సీసం సంగతేంది?



చెరువులు నిండినప్పుడల్లా మన మైదుకూరు దిక్కు ఒక పని మొదలయితాది. అటకమీది విసురు వలలు కిందికి దిగుతాయి. అంచున గుండ్లు ఊడిపోయి ఉంటాయి. పాత ట్రాక్టరు బ్యాటరీ పగలగొట్టి, సీసం కరిగించి, ఇంటి వెనకాలే కొత్త గుండ్లు పోసుకుంటాం. మా నాయన పోసేవాడు, నేనూ పోసినా. మొన్న ఒక తమ్ముడు అడిగినాడు: "అన్నా, మొదటి పది గుండ్లు బాగా వస్తాయి, తర్వాత అచ్చు కాలిపోయి అన్నీ చెడిపోతాండాయి. ఏం చేయాల?"

అడిగినదానికి ముందు జవాబు చెప్తా. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది. అచ్చు మరీ చల్లగా ఉంటే సీసం మూలలకు పోకముందే గడ్డకట్టి గుండు ముడతలు పడుతుంది. ఆపకుండా పోస్తా పోతే సీసం తెచ్చిన వేడి అచ్చులోనే నిలబడిపోతుంది. అప్పుడు గుండు గట్టిపడడానికి చానాసేపు పడుతుంది. మెరుపు పోయి తెల్లగా గరుకుగా వస్తుంది, నెత్తిన గుంట పడుతుంది, తొందరపడి తెరిస్తే విరుగుతుంది. దీనికి మందు ఆగడమే. మంట తగ్గించి, రెండు అచ్చులు పెట్టుకొని ఒకటి ఆరేలోపల ఇంకోటి వాడుకోవాల. నీళ్లలో ముంచి చల్లార్చడం మాత్రం వద్దప్పా. లోపల ఒక చుక్క తడి ఉన్నా, సీసం పోయగానే అది ఆవిరై పేలి, కాగే సీసం మొహానికి చిమ్ముతుంది. కళ్లు పోతాయి.

ఇప్పుడు నా అభిప్రాయం. ఆ తమ్ముడు అచ్చు గురించి అడిగినాడు గానీ, నేనయితే ఈ పనే ఇంటికాడ మానుకోమంటా. అచ్చు వేడెక్కితే పోయేది ఒక గుండు, మళ్లీ కరిగించుకోవచ్చు. ఒంట్లోకి పోయిన సీసాన్ని మళ్లీ బయటికి తీయడం అంత సులభం కాదు.

సీసం ఎంత ఎక్కువ కాగితే అంత పొగ లేస్తుంది. మంట తక్కువ పెట్టినా పైన తెట్టు కడుతుంది, దాన్ని తీసి పక్కన పారేస్తాం. అది పొడి అయ్యి మన చేతులకు, గుడ్డలకు, వాకిట్లో మట్టికి అంటుకుంటుంది. సీసం మట్టిలో కుళ్లేది కాదు, ఏండ్లకేండ్లు ఉంటుంది. ఆ వాకిట్లోనే పిల్లోళ్లు ఆడుకుంటారు, ఆ చేతులే నోట్లో పెట్టుకుంటారు. అంతే తిన్న పెద్దోళ్లకన్నా పిల్లల ఒళ్లు నాలుగైదు రెట్లు ఎక్కువ సీసం పీల్చుకుంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తాంది. ఇంతవరకు ఉంటే పరవాలేదు అనే లెక్క కూడా లేదంటాంది. చానాసార్లు జ్వరం, వాంతి లాంటి గుర్తులేవీ పైకి కనపడవు. పిల్లోడు చదువులో వెనకబడతాడు, మనమేమో వాన్ని మొద్దు అని తిడతాం.

ఇది ఉత్త భయం కాదు. ఆఫ్రికాలో సెనెగల్ దేశం, డకార్ పక్కన తియారోయ్ అనే చోట జనం పాత బ్యాటరీల సీసం ఇళ్లకాడ ఏరుకొని అమ్ముకునేవాళ్లు. 2007 నవంబరు, 2008 ఫిబ్రవరి మధ్య అక్కడ 18 మంది పసిపిల్లలు చనిపోయినారు. వాళ్లూ మనలాంటి బీదోళ్లే, నాలుగు రూపాయలు వస్తాయని చేసినారు. మన దేశం సంగతి చూస్తే, యూనిసెఫ్ 2020లో ఇచ్చిన నివేదిక ప్రకారం రక్తంలో సీసం ఎక్కువున్న పిల్లలు 27 కోట్లకు పైనే.

ఇంకో మాట కూడా మొహమాటం లేకుండా చెప్తా. అడవి దాపున చేనున్నోళ్లు కొందరు పందుల బాధ పడలేక నాటు తుపాకికి గుండ్లు పోస్తాండారు. బుడ్డల చేను ఒక్క రాత్రిలో దున్నినట్టు చేసిపోతే కడుపు ఎంత మండుతుందో నాకు తెలుసు. కానీ లైసెన్సు లేని తుపాకి, గుండ్లు రెండూ 1959 ఆయుధాల చట్టం కింద నేరం. పందిని కొడితే 1972 వన్యప్రాణి చట్టం కింద ఇంకో కేసు. గుండు ఒంట్లో పగిలి, కంటికి కనపడని సీసం ముక్కలు కూరలోకి వస్తాయి. ఆ కూర మనమే తింటాం. పంట పోతే పొటోలు తీసి అటవీ శాఖకు అర్జీ పెట్టండి, నలుగురు కలిసి పోండి. తిరగడం కష్టమే, జైలుకన్నా మేలు.

మరి వలకు ఏం కట్టాల? ఇనుప నట్లు కట్టుకోండి. సీసమంత చిన్నగా ఉండవు, తుప్పు పడతాయి, నిజమే. కానీ కిలోకు కిలో లెక్కేస్తే నీళ్లలో రెండూ దాదాపు ఒకే బరువు తూగుతాయి. మన పెద్దోళ్లు కాల్చిన మట్టి గుండ్లు కట్టి కూడా చేపలు పట్టినారు. పాత బ్యాటరీని పగలగొట్టొద్దు, కొత్తది కొనేటప్పుడు షాపులో ఇచ్చేయండి. 2022 బ్యాటరీ రూల్స్ ప్రకారం అది లైసెన్సున్న రీసైక్లింగ్ కంపెనీకి పోవాల. అంతో ఇంతో ధర తగ్గిస్తారు కూడా.

ఇన్నేండ్లు ఇంటికాడ కరిగించినోళ్లు, ముందు పిల్లల రక్తం ఒకసారి పరీక్ష చేయించండి. సీసం పరీక్ష అని ప్రత్యేకంగా అడగాల, మామూలు రక్త పరీక్షలో తెలియదు. ఆ తెట్టు పారేసిన చోట పిల్లోళ్లను, కోళ్లను తిరగనీయకండి.

నేను మా అచ్చు పాత ఇనుపోళ్లకు వేసేసినా. మీరేమంటారో చెప్పండి.