ఖాళీ డ్రమ్ము గర్జించింది

"ఏందిరా ఆ ఆటలు? ట్యాంకరొచ్చి నాలుగు దినాలైంది. నీళ్ళు ఒలకబోస్తే ఊరుకోను!" అని కసిరాను మావాణ్ణి. అనంతపురంలో కాపురం చేసేవాళ్ళకి నా బాధ వేరే చెప్పాలా?

వాడి గొడవ వేరు. ఇంటర్‌లో లెక్కలు తప్పినప్పట్నించీ ముభావంగా ఉన్నవాడు, ఈ సెలవుల్లో తనకిష్టమైన డైనోసార్ సినిమాల్లోంచి ముక్కలు ఏరి, మా ఊరి గుండ్ల మధ్య రబ్బరు బొమ్మతో ఫోనులో తీసినవి వాటికి అతికి, ఐదు నిమిషాల సినిమా చేస్తున్నాడు. 1993 నాటి 'జురాసిక్ పార్క్'లో రాక్షసబల్లి రాకముందు గ్లాసులో నీళ్ళు వణుకుతాయే, అది కావాలట. అక్కడ గిటారు తీగ మీటి వణికించారట. రెండు గంటల సినిమాలో ఆ జంతువులు కనబడేది దాదాపు పావుగంటేనట! "మిగతాదంతా మన భయమేనమ్మా" అన్నాడు.

మనింట్లో గిటారెక్కడిది? గ్లాసును మిక్సీ పక్కన పెట్టి మిక్సీ వేశాను. నీళ్ళు వణికాయి! గర్జనకు వాళ్ళు ఏనుగుపిల్ల అరుపు కలిపారట. మేము ఖాళీ నీళ్ళ డ్రమ్మును తాడిపత్రి బండల మీద ఈడ్చాం. పక్కింటి వదిన పరుగెత్తుకొచ్చింది. ఎన్నాళ్ళకో ఇద్దరం పగలబడి నవ్వాం.

చివర్లో, గోదావరి లోయలో యామన్‌పల్లి దగ్గర దొరికిన మన కోటాసారస్ పేరు వేశాడు. దాని అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉంది. పరాయివాళ్ళ సినిమా ముక్కలు కదా, అనుమతి లేకుండా బయట పెట్టొద్దన్నాను. ఇంట్లోనే అందరం చూశాం.

గ్లాసులో నీళ్ళంటారా? కరివేపాకు చెట్టుకు పోశాను. ఆ రాత్రి లెక్కల సంగతి వాడే ఎత్తాడు. మీ ఇంట్లోనూ మూతి ముడుచుకున్న పిల్లలుంటే, ఒకసారి డ్రమ్ము ఈడ్చి చూడండి!