రాగో ఎక్కడికి తిరిగి రావాలి?

పెద్దపల్లికి చెందిన మల్లోజుల వేణుగోపాల్ 2025 అక్టోబరులో గడ్చిరోలిలో అరవై మంది సహచరులతో కలిసి ఆయుధాలు అప్పగించాడు. సాయుధ పోరాటం ఆపాలని అంతకుముందే లేఖలు రాశాడు. ప్రభుత్వం దాన్ని తన విజయమన్నది, పార్టీ ద్రోహమన్నది. ఈ గొడవలో ఆయన 'సాధన' పేరుతో నవలలు రాసిన మనిషన్న సంగతి ఎవరికీ పెద్దగా పట్టలేదు.

నాకు పట్టింది. ఆయన నవల 'రాగో' ఒక గోండు అమ్మాయి కథ. ఇష్టంలేని పెళ్లిని కాదని ఇల్లు విడిచి, చివరికి దళంలో చేరుతుంది. ప్రాణహితకు ఇటు ఆదిలాబాద్‌లోనైనా, అటు గడ్చిరోలిలోనైనా అలాంటి పిల్లకు వేరే నీడ ఏముంది? ఆ సంగతి రచయిత నిజాయితీగానే చూశాడు. కానీ పెళ్లి ప్రశ్నకు తుపాకిని జవాబు చేశాడు. ఇప్పుడు తుపాకి దించాడు. లేఖల్లో ప్రధానంగా ఉన్నది వ్యూహం, పార్టీని కాపాడుకోవడం. మరి రాగో ప్రశ్న?

ఆయనకంటే ముందు, 2025 జనవరి 1న, తారక్క లొంగిపోయింది. గడ్చిరోలి ఆదివాసీ స్త్రీ, దండకారణ్య ప్రత్యేక జోనల్ కమిటీ సభ్యురాలు, దాదాపు నాలుగు దశాబ్దాల అజ్ఞాతం. పత్రికలు మాత్రం ఆమెను ఫలానా నాయకుడి భార్యగానే పరిచయం చేశాయి. (పెద్దపల్లిలో తల్లి మధురమ్మ 2011లో కొడుకు కోటేశ్వరరావు శవాన్ని చూశారు. చిన్నకొడుకు తిరిగి రాకముందే 2022లో కన్నుమూశారు. ఆమెను కూడా మనం 'ఫలానావారి తల్లి'గానే ఎరుగుదుం.)

ఇది కొత్త కాదు. 1951లో తెలంగాణ సాయుధ పోరాటం విరమించాక తుపాకి పట్టిన స్త్రీలను ఇళ్లకు పొమ్మన్నారు. ఆ బాధ అచ్చులోకి రావడానికి ముప్పై అయిదేళ్లు పట్టింది. స్త్రీ శక్తి సంఘటన వాళ్ల దగ్గర కూర్చుని విన్నాకే 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' వచ్చింది. మగవాడి భ్రమ తొలగితే అది రాజకీయ ప్రకటన అవుతుంది. ఆడదానికి భ్రమ తొలగితే అది వంటింటి గొణుగుడుగా మిగిలిపోతుంది.

ఈసారి అంతకాలం ఆగడం నాకు ఇష్టం లేదు. దళంలో పెళ్లి చేసుకున్న మగవాళ్లకు వేసెక్టమీ చేయించేవారు. లొంగిపోయాక దాన్ని తిరగదోడే ఆపరేషన్ల గురించి వార్తలొచ్చాయి. బిడ్డ కావాలా అని ఆమెను ఎవరైనా అడిగారా? పునరావాసం డబ్బు ఎవరి ఖాతాలో పడుతుంది? కాదని వచ్చిన ఆ ఇంటికే మళ్లీ పంపుతారా?

కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో పనిచేసే మన సంఘాలే వీటిని అడగాలి. పోలీసు అధికారి, పార్టీ మనిషి ఇద్దరూ గదిలో లేనప్పుడు అడగాలి. గోండి వచ్చిన స్త్రీలే ఆ మాటలు రాసుకోవాలి.