షాలిమార్‌కు ఎన్ని మీటలు?

కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ 2022లో హౌరాను వదిలి షాలిమార్‌కు మారింది. విశాఖ నుంచో, విజయవాడ నుంచో కోల్‌కతా వెళ్లేవారికి అప్పటి నుంచీ ఓ చిన్న చిక్కు. షాలిమార్ ఉన్నది హుగ్లీకి పడమటి ఒడ్డున, హౌరాలోనే. 'కోల్‌కతా' పేరుతో చిత్పూర్‌లో వేరే స్టేషనుంది. టికెట్ కోసం ఊరి పేరు టైపు చేసే కొత్త ప్రయాణికుడికి తన బండి ఎక్కడ ఆగుతుందో ఆ పేరు చెప్పదు.

రిజర్వేషన్ కౌంటర్లోని గుమాస్తాకు ఈ బాధ లేదు. ఎస్‌హెచ్‌ఎం అని మూడు మీటలు నొక్కితే చాలు. బెజవాడ పేరు విజయవాడగా మారి ఎన్నేళ్లయినా ఆయన వేళ్లకు అది ఇంకా బీజడ్‌ఏనే. ఆ తెర దేన్నీ వివరించదు. రోజంతా క్యూను తెమల్చాల్సిన మనిషి కోసం తయారైన తెర అది. 2002లో ఐఆర్‌సీటీసీ ఆన్‌లైన్ టికెట్లు మొదలుపెట్టాక అదే పని ప్రయాణికుడి చేతికొచ్చింది. ఏడాదికి రెండుసార్లు ఇంటికెళ్లేవాళ్లను కోడ్‌లు బట్టీపట్టమనలేం కదా.

మెకింటాష్ ప్రాజెక్టుకు ఆద్యుడైన జెఫ్ రాస్కిన్ 1994లో రాసిన వ్యాసంలో, చూడగానే తెలిసిపోయేదని మనం మెచ్చుకునేది నిజానికి అలవాటైనదేనని వాదించారు. ఆ లెక్కన కౌంటర్ తెరా సులువైనదే, గుమాస్తాకు. ఐఆర్‌సీటీసీలో స్టేషన్ గడి కోడ్‌నూ పేరునూ రెంటినీ ఒప్పుకుంటుంది. తెలివైన ఏర్పాటే.

తత్కాల్ వేళకు మాత్రం ఈ రాజీ చెదిరిపోతుంది. ఏసీకి ఉదయం 10 గంటలు, స్లీపర్‌కు 11. ప్రయాణికుల వివరాలను మాస్టర్ లిస్టులో ముందే దాచుకున్నవారు ముందుంటారు. అలాంటి సదుపాయం ఉందని తెలియని వలస కూలీ పేర్లు, వయసులు అప్పుడే టైపు చేస్తుంటాడు. మధ్యలో క్యాప్చా. టికెట్లు కొల్లగొట్టే సాఫ్ట్‌వేర్‌ను ఆపడానికి కావాలనే పెట్టిన అడ్డంకి అది. వంకర అక్షరాల దగ్గర తడబడేది మనుషులు కూడా.

2025 జులై 1 నుంచి ఆన్‌లైన్ తత్కాల్‌కు ఆధార్ ధ్రువీకరణ తప్పనిసరైంది. ఏజెంట్లను మొదటి అరగంట దూరం పెట్టారు. మామూలు ప్రయాణికుడికి నిజమైన మేలు ఆ అరగంటే. కానీ ఖాతాకు ఆధార్ జతకాలేదన్న సంగతి సరిగ్గా పదింటికి తెలిస్తే ఏం లాభం? ముందురోజు లాగిన్ కాగానే 'మీ ఆధార్ జతకాలేదు, మాస్టర్ లిస్టు ఖాళీగా ఉంది' అని తెలుగులోనో బెంగాలీలోనో ఒక్క వాక్యం కనిపించాలి.