హ్యాండిలుకు తగిలించిన శిరస్త్రాణము



పోయిన నెల ఒక ఆదివారం, ఆరాధనకు గంట కొట్టబోయే వేళ గుడి ఆవరణలోకి ఒక మోటారు సైకిలు వచ్చింది. కంటితో చూడకముందే శబ్దాన్నిబట్టి గుర్తుపట్టాను. అది రాజ్‌దూత్! వెనుకనే నీలిపొగ, ఆయిలు కాలిన వాసన. మా సంఘంలోని ఒక యౌవనస్థుడు తన తాతగారి బండిని గొడ్లచావిడిలోనుంచి బయటికి తీసి, పట్టణంలో బాగుచేయించి, నల్లరంగు వేయించి తెచ్చాడు. తలకు తెల్ల తువ్వాలు చుట్టుకున్నాడు. నల్ల కళ్ళజోడు పెట్టుకున్నాడు.

"అయ్యగారూ, బండికి ప్రార్థన చేయండి" అన్నాడు.

"చేస్తాను బాబూ. హెల్మెట్ ఏది?" అని అడిగాను.

అతడు నవ్వాడు. "పాత బండికి హెల్మెట్ ఏం బాగుంటుంది అయ్యగారూ? తాతగారు ఇలాగే గదా తిరిగింది!"

ఆ మాటకు వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే మా నాన్నగారు కూడా ఇలాగే తిరిగారు.

మా నాన్నగారు పల్నాడులో సంఘ కాపరి. ఆయన క్రింద ఏడు గ్రామాలుండేవి. మొదట సైకిలు మీద, తరువాత పాత రాజ్‌దూత్ మీద ఆ ఊళ్ళన్నీ తిరిగేవారు. ఆ రోజుల్లో మోటారు సైకిళ్ళు రెండు మూడు రకాలే. కాస్త ఉన్నవారికి బుల్లెట్. 1955 లో మద్రాసు దగ్గర తిరువొత్తియూరులో దాని కంపెనీ పెట్టారు. మొదట మన సైన్యం కొరకే తెప్పించిన బండి అది. దానికి గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి ఉండేవి. అమ్మీటరు ముల్లు చూసుకుని, చిన్న లీవరు నొక్కి, అప్పుడు కిక్కు కొట్టాలి. తొందరపడితే కిక్కు రాడ్డు ఎదురుతన్ని పిక్క వాచేది. పడుచువాళ్ళకు మైసూరులో తయారయిన జావా, 1970 ల నుండి యెజ్డీ. వాటి కిక్కు రాడ్డునే ముందుకు మడిస్తే గేరు రాడ్డు అయ్యేది. మాలాంటి సామాన్యులకు ఫరీదాబాదు నుండి వచ్చే రాజ్‌దూత్. గతుకుల బాటకైనా, పాల బిందెలకైనా ఓర్చుకునేది.

ఆ బండికి పెట్రోలులో ఆయిలు కలిపి పోయాలి. పాళ్ళు తప్పితే ప్లగ్గుకు మసి పట్టేది. ప్లగ్గు విప్పి గరుకు కాగితంతో రుద్దడం నా పని. నాన్నగారు కిక్కు కొడుతుంటే అమ్మ గుమ్మంలో నిలబడి మౌనంగా ప్రార్థన చేసేది. బండి అందుకున్నాక "స్తోత్రం" అని లోపలికి వెళ్ళేది. 1985 లో హీరో హోండా వచ్చాక చాలామందికి ఈ ఆయిలు కలిపే పని తప్పింది గాని, మా యింటికి ఆ భాగ్యం పట్టలేదు.

ఇక ఆయన వేషం చెబితే మీలో పెద్దవారికి తమ తండ్రులు జ్ఞాపకం వస్తారు. తలకు తువ్వాలు. సాయంకాలం పురుగులు కంట్లో పడకుండా తెల్లద్దాల కళ్ళజోడు. పంట్లాము చైనులో పడకుండా సైకిలు క్లిప్పు. కాళ్ళకు టైరు చెప్పులు. క్రిస్మసు నెలలో మంచు పడుతుంటే చొక్కా లోపల గుండెల మీద పాత వార్తాపత్రిక మడిచి పెట్టుకునేవారు. దానిమీద అమ్మ అల్లిన స్వెట్టరు. వాన వస్తే యూరియా సంచిని ఒక మూల లోపలికి మడిచి తలమీదుగా కప్పుకునేవారు. బైబిలు, కీర్తనల పుస్తకం, ప్రభురాత్రి భోజనపు గిన్నెలు మాత్రం ఆయిల్ గుడ్డలో భద్రంగా చుట్టేవారు. తాను తడిసినా అవి తడిసేవి కావు.

అంత జాగ్రత్త గల మనిషి తల విషయంలో మాత్రం జాగ్రత్త పడలేదు.

ఒక కోతల పండుగకు సంఘస్థులు చందాలు వేసుకుని ఆయనకు హెల్మెట్ కొనిచ్చారు. తెల్లనిది. ఆయన కన్నీళ్ళతో పుచ్చుకున్నారు. దాన్ని హ్యాండిలుకు తగిలించుకుని తిరిగేవారు. ఎందుకు పెట్టుకోరని అమ్మ అడిగితే, "నా తలవెండ్రుకలు లెక్కపెట్టినవాడు పైన ఉన్నాడు" అనేవారు. అది విశ్వాసమని మేమందరం అనుకున్నాం. నిజం చెప్పాలంటే దానిలో చెవులకు గాలి ఆడక ఉక్కపోస్తుందనీ, ఎదురయ్యే వారి వందనాలు వినబడవనీ ఆయనకు చిరాకు.

1992 జనవరిలో ఒక రాత్రి గృహప్రార్థన ముగించుకుని వస్తున్నారు. బండ్లు త్రొక్కి నూర్పిడి అవుతుందని రోడ్డు మీద కంది కట్టె పరిచారు. చక్రం జారింది. నాన్నగారి తల కల్వర్టు రాయికి తగిలింది. ఇరవై రెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. దేవుడు ప్రాణం నిలిపాడు. బండి ఇంటికి తెచ్చినప్పుడు చూశాను. హ్యాండిలు వంగింది, లైటు పగిలింది. తెల్ల హెల్మెట్ మీద మాత్రం ఒక గీత కూడా పడలేదు.

ఏడు గ్రామాలలో ప్రతి యింటి పిల్లల పేర్లూ ఎరిగిన మనిషి, ఆ తరువాత బాప్తిస్మపు తొట్టి దగ్గర బిడ్డ పేరును తల్లిని రెండుసార్లు అడిగేవారు. కంఠతా వచ్చిన కీర్తనలు మధ్యలో ఆగిపోయేవి. ఆయన మరల బండి ఎక్కలేదు. ఒకనాడు నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని, "లెక్కపెట్టినవాడు ఆయనేరా. కాపాడుకోవలసినవాణ్ణి నేను" అన్నారు. ఆయన చేసిన ప్రసంగాలన్నిటిలో నాకు మిగిలినది ఆ ఒక్క మాట.

ప్రియులారా, ఇది మా ఒక్క యింటి కథ కాదు. 1935 మే నెలలో ఇంగ్లండులో టి.ఇ. లారెన్స్ అనే పేరుపొందిన సైనికుడు మోటారు సైకిలు మీద పోతూ, సైకిళ్ళ మీదున్న ఇద్దరు పిల్లలను తప్పించబోయి పడ్డాడు. తలకు ఏమీ లేదు. ఆరు దినాలకు మరణించాడు. ఆయనను చూసిన వైద్యులలో హ్యూ కెయిర్న్స్ అనే మెదడు శస్త్రవైద్యుడు ఒకరు. ఆయన ఆ తరువాత మోటారు సైకిలు ప్రమాదాలను పరిశీలించి 1941 లో ఒక వ్యాసం వ్రాశారు. హెల్మెట్ ధరించి గాయపడినవారు ఆయనకు ఏడుగురే కనబడ్డారు. ఆ ఏడుగురూ బ్రతికారు. ఆ సంవత్సరమే బ్రిటిషు సైన్యం తన మోటారు సైకిలు సిపాయిలకు శిరస్త్రాణము తప్పనిసరి చేసింది. మన దేశంలో 1988 మోటారు వాహనాల చట్టం, నడిపేవారికీ వెనుక కూర్చున్నవారికీ హెల్మెట్ ఉండాలని చెప్పింది. సరిగా ధరిస్తే మరణ ప్రమాదం నూటికి సుమారు 40 పాళ్ళు తగ్గుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. పైన గట్టి డొప్ప దెబ్బను ఒకచోట పడనీయక పరుస్తుంది. లోపలి మెత్తని పొర నలిగి, ఆ దెబ్బ తలకు పూర్తిగా తగలకుండా తాను పుచ్చుకుంటుంది. అయితే గడ్డం క్రింద పట్టీ బిగించకపోతే అది తలకంటే ముందే ఎగిరిపోతుంది. ఐ.ఎస్.ఐ. గుర్తు చూసి కొనాలి.

జాగ్రత్తపడడం అవిశ్వాసమా? ద్వితీయోపదేశకాండము 22:8 తెరచి చూడండి. క్రొత్త ఇల్లు కట్టేవాడు మిద్దెకు పిట్టగోడ కట్టాలనీ, ఎవడైనా పడిపోతే ఆ దోషం ఇంటిమీదికి వస్తుందనీ దేవుడు ఆజ్ఞాపించాడు. కునుకక కాపాడే దేవుడే పిట్టగోడ కట్టమన్నాడు. దేవాలయ శిఖరము మీదనుండి దూకుమని శోధకుడు అడిగినప్పుడు మన ప్రభువు దూకలేదు. దేవదూతలున్నారని ఆయనకు తెలియక కాదు, తండ్రిని శోధించకూడదని. పౌలు భక్తుడు రక్షణను శిరస్త్రాణముతో పోల్చాడు. దానిని ధరించాలన్నాడు గాని చేత పట్టుకోమనలేదు. రక్షణ వార్త విని హృదయానికి ధరించక, గోడకు వాక్యపు క్యాలెండరు మాత్రం తగిలించుకున్న ఇళ్ళు మనలో ఎన్ని లేవు!

పాత రోజులను ప్రేమించడం తప్పు కాదు. ఆ రాజ్‌దూత్ శబ్దం వింటే ఇప్పటికీ నా గుండె కరుగుతుంది. కాని మన తండ్రుల తువ్వాలును జ్ఞాపకం చేసుకునేటప్పుడు, వారు పడిన చోటును కూడా జ్ఞాపకం చేసుకోవాలి.

ఆ ఆదివారం యౌవనస్థునికి ఈ సంగతి చెప్పాను. "బండికి కాదు బాబూ, నీకు ప్రార్థన చేస్తాను" అని అతని తువ్వాలు మీద చేతులుంచి ప్రార్థించాను. మరుసటి ఆదివారం అతడు రెండు హెల్మెట్లతో వచ్చాడు. ఒకటి తలమీద ఉంది. వెనుక కూర్చున్న వాళ్ళమ్మది మాత్రం ఒడిలో ఉంది. "జడ నలుగుతుందయ్యగారూ" అన్నది ఆమె. ఇంకా చెబుతూనే ఉన్నాను.

ఈ రాత్రి కుటుంబ ప్రార్థనలో పైన చెప్పిన వాక్యభాగం చదవండి. తరువాత మీ ఇంటి బండి దగ్గరకు వెళ్ళి, హెల్మెట్ ఎక్కడున్నదో, పట్టీ బిగుస్తున్నదో లేదో చూడండి. ప్రయాణమై వెళ్ళే మీ వారందరినీ ప్రభువు క్షేమముగా ఇల్లు చేర్చును గాక. ఆమేన్.