పైపు చౌకైంది, దారే దూరం

తలలో నీరు చేరిన బిడ్డకు బెంగళూరులో ఆపరేషన్ చేయించి ఇంటికి తెస్తే, కోలారు జిల్లా శ్రీనివాసపురంలో ఇరుగుపొరుగు మొదట అడిగేది ఒకటే: "ఇంక నయమైనట్టేనా?" నయమైందని కాదు, అదుపులోకి వచ్చిందని చెప్పాలి. ఈ తేడా ఇంట్లోవాళ్లకు అర్థమయ్యేలా చెప్పి పంపకపోవడమే అసలు ప్రమాదం.

పెద్దవాళ్ల మెదడులో రోజుకు సుమారు అర లీటరు ద్రవం ఊరి, తిరిగి రక్తంలో కలుస్తుంది. పుట్టుకతో వచ్చిన లోపం వల్లో, నెలలు నిండకముందే పుట్టిన బిడ్డకు మెదడులో రక్తస్రావమయ్యో, టీబీ మెదడు పొరలకు సోకో ఆ దారి మూసుకుపోతే నీరు నిలిచిపోతుంది. అప్పుడు చెవి వెనకగా, చర్మం కిందుగా మెడ, ఛాతీ దాటించి కడుపులోకి ఓ సన్నని సిలికోన్ గొట్టం దించుతారు. నీరు మరీ ఎక్కువగా పోకుండా మధ్యలో వాల్వు ఉంటుంది. అదే షంటు.

ధర ఇప్పుడు సాకు కాదు. లక్నోలో పనిచేసిన న్యూరోసర్జన్ ఛాబ్రా రూపొందించిన షంటు ఉత్తరప్రదేశ్‌లోని షాజహాన్‌పూర్‌లో తయారవుతుంది. ఉగాండాలో డాక్టర్ బెంజమిన్ వార్ఫ్ 195 మంది పిల్లల మీద దాన్ని ఖరీదైన విదేశీ షంటుతో పోల్చి 2005లో ఫలితాలు ప్రచురించారు. అప్పట్లో మనది సుమారు 35 డాలర్లు, విదేశీది 650. ఏడాది తర్వాత చూస్తే ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు.

కానీ ఏ షంటైనా మొరాయిస్తుంది. పిల్లల్లో దాదాపు సగం షంట్లు రెండేళ్లలోపే పాడవుతాయని సంపన్న దేశాల ఆస్పత్రుల లెక్కలే చెబుతున్నాయి. మామిడి తోటలో డ్రిప్ పైపు పూడుకుపోతే ఆకు వాడి చెబుతుంది. షంటు పూడుకుపోతే వచ్చేవి తలనొప్పి, వాంతులు, మగత. ఇవి అజీర్ణానికీ, మామూలు జ్వరానికీ కూడా వచ్చేవే. మందుల షాపులో మాత్ర కొని రెండు రోజులు చూద్దామనుకుంటాం. షంటు పూడుకున్న బిడ్డకు కొన్నిసార్లు ఆ రెండు రోజుల వ్యవధి ఉండదు.

"అయితే తాలూకాకో న్యూరోసర్జన్ కావాలా?" అంటారేమో. అక్కర్లేదు. ఆపరేషన్‌కు బెంగళూరు నిమ్హాన్స్ లాంటి పెద్దాస్పత్రి ఉంది. కోలారు పక్కన టమకలో మెడికల్ కాలేజీ ఉంది, స్కాన్ అక్కడే తీయవచ్చు. లేనిదల్లా ఇక్కడ, మొదటి గంటలో గుర్తుపట్టే మనిషి.

అందుకు మూడు పనులు చాలు. డిశ్చార్జి చేసేటప్పుడు షంటు రకం, వేసిన తేదీ, ప్రమాద సూచనలు, ఫోన్ చేయాల్సిన నంబరు ఉన్న కార్డు ఇవ్వాలి. అది ఇంగ్లీషులో కాదు, ఆస్పత్రివాళ్లు చదివే కన్నడంలో, మన ఇళ్లలో మాట్లాడే తెలుగులో ఉండాలి. అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, బడులకు ఒకసారి వెళ్లే ప్రభుత్వ బాలల ఆరోగ్య బృందాలు షంటు ఉన్న పిల్లల పేర్లు రాసుకుని, తాలూకా ఆస్పత్రికి ఇవ్వాలి. ఆ ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ డాక్టరుకు ఒక నియమం ఉండాలి: షంటు ఉన్న బిడ్డకు వాంతులంటే, కాదని తేలేదాకా షంటునే అనుమానించాలి.

వీటికి కొత్త భవనం అక్కర్లేదు, కొత్త యంత్రం అక్కర్లేదు. ఆపరేషన్‌కు డబ్బిచ్చే ప్రభుత్వం, ఆ ఆపరేషన్ వృథా పోకుండా చూసే బాధ్యతా తీసుకోవాలి. జిల్లా ఆరోగ్యాధికారి ఒక్క ఉత్తర్వుతో మొదలుపెట్టగల పని ఇది.