దుప్పటి పొట్టిదైతే తప్పు కాళ్ళదా?

మన దేశంలో ఉచితంగా దొరికేవి రెండే రెండు. ఒకటి జ్వరానికి మందు చెప్పడం, రెండోది అప్పులవాడికి బుద్ధి చెప్పడం. మందు చెప్పేవాళ్ళు కనీసం నుదుటిమీద చెయ్యి వేసైనా చూస్తారు. బుద్ధి చెప్పేవాళ్ళకి ఆ మాత్రం శ్రమ కూడా అక్కరలేదు. "దుప్పటి వున్నంతవరకే కాళ్ళు చాపుకోవాలి" అని ఒక్క సామెత పారేస్తే చాలు, ధర్మశాస్త్రమంతా అందులో ఇమిడిపోయినట్టే!

పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో, రైలు పెట్టెల్లో ఈ మాట వింటూనే వుంటాను. "వాళ్ళకి సెల్‌ఫోను కావాలి, మోటారు సైకిలు కావాలి, పిల్లకి ఇంగ్లీషు మీడియం కావాలి. అప్పులు కాక ఏమవుతాయండీ?" అంటారు. అలా అనేవారి చేతిలో సెల్‌ఫోనూ, వాకిట్లో కారూ, అమెరికాలో అబ్బాయీ వుంటారు. కారు వాయిదాల మీద కొన్నదే. అబ్బాయి చదువు బ్యాంకు సొమ్ముతో సాగిందే. అయితే అవి అప్పులు కావుట, "లోన్లు"ట. తెలుగులో తీసుకుంటే అప్పు, ఇంగ్లీషులో తీసుకుంటే లోను. మొదటిదానికి సిగ్గుపడాలి, రెండోదానికి స్వీట్లు పంచాలి!

అప్పు చెయ్యడమే పాపమని మన పెద్దలు కూడా అనుకున్నట్టు లేదు. కాపరం వుండదగిన వూరికి లక్షణాలు చెబుతూ సుమతీ శతకకారుడు అందరికన్నా ముందు లెక్కపెట్టింది అప్పిచ్చేవాణ్ణే. వైద్యుడు కూడా ఆ తరవాతే. అంతెందుకు, పెళ్ళి ఖర్చులకి కుబేరుడి దగ్గర అప్పు చేసిన ఏడుకొండలవాణ్ణి వడ్డికాసులవాడని ముద్దుగా పిలుచుకుంటూ, ఆ వడ్డీ తరతరాలుగా మనమే కడుతున్నాం. "తాహతుకి మించి పెళ్ళెందుకు చేసుకున్నావు స్వామీ?" అని ఆయన్ని అడిగినవాళ్ళు లేరు. ఆ ప్రశ్నలన్నీ కూతురి పెళ్ళికి అప్పు చేసిన గుమాస్తాకే.

దుబారా మనుషుల తరఫున నేను వకాల్తా పుచ్చుకోవడం లేదు. పక్కింటివాళ్ళు కొన్నారని పెద్ద టీ.వీ. కొని, వాయిదా రోజున తలుపు గడియ వేసుకుని కూర్చునేవాళ్ళు ఎక్కడైనా వుంటారు. పుచ్చుకున్న సొమ్ము తిరిగి ఇవ్వవలసిందే. బాకీ ఎగ్గొట్టి పోతే వచ్చే జన్మలో అప్పిచ్చినవాడి దొడ్లో ఎద్దై పుట్టి తీర్చాలని మన పల్లెల్లో నమ్మేవాళ్ళు. ఆ నమ్మకం వెనక వున్న నిజాయితీ అంటే నాకు గౌరవమే. నా జగడమల్లా ఒక్కటే. అప్పుకి రెండు చేతులుంటాయి. పుచ్చుకున్న చేతికి ఎంత బాధ్యత వుందో, ఇచ్చిన చేతికీ అంతే వుండాలి. ఇచ్చిన చేతికి కంకణాలూ, పుచ్చుకున్న చేతికి సంకెళ్ళూ ఏమి న్యాయమండీ?

అప్పు మాట కాసేపు పక్కన పెడదాం. "పొదుపు చెయ్యండి, బ్యాంకులో దాచుకోండి" అని కదా మన హితబోధ? దాచుకున్నవాళ్ళ సంగతి ఎలా వుందో చూడండి.

మా ఇంట్లో పనిచేసే ఆవిడ ఒకరోజు పాసుబుక్కు తెచ్చి నా చేతిలో పెట్టింది. "అమ్మా, నా బుక్కులో డబ్బులు ఎవరో తీసేశారు. చదువుకున్నోళ్ళు, మీరు చూడండి" అంది. చూశాను. తీసింది ఎవరో కాదు, బ్యాంకువాళ్ళే. కనీస నిల్వ లేనందుకు ఇంత, కార్డుకి ఏడాది చందా ఇంత, ఫోనుకి సందేశాలు పంపినందుకు ఇంత, వాటిమీద జి.ఎస్.టి. ఇంత. ఒక్కొక్కటే విడమరిచి చెప్పాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "అంటే... డబ్బులు తక్కువున్నాయని, వున్నవి తీసుకున్నారా?" అంది.

నేను బి.ఏ.లో ఎకనామిక్స్ చదివాను. ఆ ప్రశ్నకి జవాబు మా పుస్తకాల్లో ఎక్కడా లేదు.

ఇదేదో ఒక ఇంటి భాగోతం అనుకునేరు! 2017 ఏప్రిల్‌లో స్టేట్ బ్యాంకు ఈ కనీస నిల్వ జరిమానాని మళ్ళీ తెచ్చింది. ఆ ఏప్రిల్ నుంచి నవంబరు దాకా ఎనిమిది నెలల్లో ఆ పద్దు కింద వసూలు చేసింది 1,771 కోట్ల రూపాయలు. ఆ ఏడు జూలై నుంచి సెప్టెంబరు దాకా మూడు నెలలకి దేశంలోకెల్లా పెద్దదైన ఆ బ్యాంకు నికర లాభం 1,581 కోట్లు. జనధన్ ఖాతాలకీ, జీతాల ఖాతాలకీ మినహాయింపు ఇచ్చాక కూడా వచ్చిన మొత్తం ఇది! 2020 మార్చిలో స్టేట్ బ్యాంకు ఆ జరిమానా ఎత్తేసింది. మిగతావాళ్ళు ఎత్తలేదు. 2019-20 నుంచి 2023-24 దాకా అయిదేళ్ళలో ప్రభుత్వరంగ బ్యాంకులు ఈ పేరుతో దాదాపు 8,500 కోట్లు రాబట్టాయని ప్రభుత్వమే పార్లమెంటులో చెప్పింది. 2025లో వాటిలో మరికొన్ని ఈ జరిమానా మానుకున్నాయి, సంతోషం. సరిగ్గా ఆ ఏడాది ఆగస్టులోనే ఐ.సి.ఐ.సి.ఐ. బ్యాంకు నగరాల్లో కొత్త ఖాతాలకి కనీస నిల్వ 50,000 అని ప్రకటించి, జనం గగ్గోలు పెట్టాక 15,000కి దిగింది.

"ఖాతా నడపడానికి ఖర్చవుతుంది కదమ్మా! బ్యాంకు ధర్మసత్రం కాదుగా?" అని అడగొచ్చు మీరు. అవుతుంది, కాదనను. కానీ జరిమానా మానుకున్నాక స్టేట్ బ్యాంకు మునిగిపోయిందా? 2023-24లో దాని లాభం 61,000 కోట్లు దాటింది. మా పనావిడ రూపాయలు బ్యాంకుని నిలబెట్టే స్తంభాలేమీ కావన్నమాట.

1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంకు పెట్టారు. 1969లో 14 బ్యాంకులనీ, 1980లో ఆంధ్రా బ్యాంకుతో సహా ఇంకో ఆరింటినీ జాతీయం చేశారు. చిన్న రైతుకీ, చిన్న వ్యాపారికీ బ్యాంకు గడప అందాలనే ఆనాడు చెప్పారు. 2020లో ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోయి, ఆ పేరు కూడా పోయింది. ఆనాడు చెప్పిన మాట ఎందులో కలిసిపోయిందో మాత్రం ఎవరూ చెప్పరు.

ఇక అప్పు ఖరీదు. లోకంలో ఏ సరుకైనా పేదవాడు చవకరకం కొనుక్కుంటాడు. ఒక్క అప్పు మాత్రం అందరికన్నా ఎక్కువ ఖరీదు పెట్టి కొంటాడు. తోపుడుబండి మీద కూరగాయలమ్మే ఆవిడ తెల్లవారుజామున వడ్డీవ్యాపారి దగ్గర 900 పుచ్చుకుని, పొద్దు గూకేసరికి 1,000 అతని చేతిలో పెడుతుంది. కారు కొనుక్కునే ఆఫీసరుగారికి బ్యాంకు వేసే వడ్డీ ఏడాదికి నూటికి తొమ్మిదో, పదో. ఆ లెక్కన 900కి ఏడాదంతా కలిపినా 90 మించదు. ఆవిడ ఒక్క పగటికి కట్టే వడ్డీతో ఆయన ఏడాది గడిపేసి, ఇంకో పది రూపాయలు మిగుల్చుకుంటారు. అయినా పొదుపు గురించి పాఠం చెప్పేది ఆయన, వినవలసింది ఆవిడ!

"ఆవిడకిస్తే తిరిగొస్తుందని నమ్మకమేమిటి?" అంటారు. నమ్మకమా? మన పొదుపు సంఘాలని అడగండి. 1990లలో నెల్లూరు జిల్లా ఆడవాళ్ళు సారా దుకాణాలు మూయించి, ఆ చేత్తోనే రోజుకో రూపాయి కూడబెట్టడం మొదలుపెట్టారు. మహిళా సంఘాలకిచ్చిన అప్పుల్లో నూటికి 95కి పైగా తిరిగి వస్తున్నాయని బ్యాంకులే చెబుతాయి. ఏ పెద్దమనుషుల క్లబ్బుకిచ్చిన అప్పులు అలా వస్తాయో చూపించమనండి.

ఆ నిక్కచ్చితనమే వాళ్ళ ప్రాణం మీదికి తెచ్చింది. ఆడవాళ్ళు కచ్చితంగా కడతారని తెలిసి సూక్ష్మరుణ సంస్థలు వూళ్ళ మీద వాలాయి. ఒకే ఇంటికి మూడు సంస్థలు, నాలుగు సంస్థలు అప్పులిచ్చాయి. ఒకరి బాకీ తీర్చడానికి ఇంకొకరి దగ్గర అప్పు. వారం వారం వసూలు. ఒకావిడ కట్టలేకపోతే తక్కిన గుంపంతా ఆవిడ గుమ్మంలో కూర్చోవాలి. నిన్నటిదాకా మంచినీళ్ళకి కలిసి వెళ్ళినవాళ్ళే ఇవాళ వసూలు బంట్రోతులు! 2006లో కృష్ణా జిల్లాలో అధికారులు ఆ సంస్థల శాఖలు మూయించారు. అయినా గుణపాఠం ఎక్కలేదు. 2010లో వాటిలో పెద్దదొకటి స్టాకు మార్కెట్లో షేర్లమ్మి ఘనంగా పండగ చేసుకుంది. అదే ఏడు అక్టోబరులో, ఆత్మహత్యల వార్తలు వరసగా వస్తూంటే, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది.

ఇక్కడ బాధ్యత లేనిది ఎవరికి? మూడు అప్పులున్న ఇంటికి నాలుగోది ఇచ్చింది చదువుకున్నవాడు. వాడి దగ్గర కంప్యూటరుంది, లెక్కలున్నాయి, నెలకిన్ని అప్పులు అంటగట్టాలన్న టార్గెట్టూ వుంది. తీసుకున్నావిడ దగ్గర వున్నది బిడ్డ ఆసుపత్రి చీటీ. తరవాత 2020లో ఫోనులోనే అప్పులిచ్చే యాప్‌లు వచ్చిపడ్డాయి. ఫోనులో వున్న పేర్లన్నీ లాక్కుని, వాయిదా తప్పితే చుట్టాలకీ స్నేహితులకీ ఫోన్లు చేసి పరువు తీశాయి. ప్రాణాలు పోయాక, 2022లో రిజర్వు బ్యాంకు నిబంధనలు వచ్చాయి. మనవైపు చట్టం ఎప్పుడూ శవం లేచాకే గుమ్మంలోకి వస్తుంది.

మధ్యతరగతివాళ్ళం మనం మాత్రం ఒడ్డున వున్నామనుకోవద్దు. నెల వాయిదా రోజున ఖాతాలో నూరు రూపాయలు తక్కువైతే, వాయిదా తిప్పికొట్టినందుకు ఖాతావున్న బ్యాంకు ఒక జరిమానా, అందనందుకు అప్పిచ్చిన సంస్థ ఇంకో జరిమానా. క్రెడిట్ కార్డు బాకీ మీద వడ్డీ ఏడాదికి నూటికి 40 దాకా పోతుంది. 30 దాటకూడదని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ అంటే, 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పుని కొట్టేసింది.

పెద్ద బాకీల భాషే వేరు. 2014-15 నుంచి పదేళ్ళలో మన బ్యాంకులు పద్దుల్లోంచి కొట్టేసిన మొండిబాకీలు 16.35 లక్షల కోట్లని 2025లో ప్రభుత్వం పార్లమెంటుకి చెప్పింది. అందులో 9 లక్షల కోట్లకి పైగా పెద్ద పరిశ్రమలవీ, పెద్ద సేవాసంస్థలవీ. "పద్దు కొట్టెయ్యడమంటే మాఫీ కాదు, వసూలుకి ప్రయత్నిస్తూనే వుంటాం" అంటారు. నిజమే. ఆ మర్యాద కాస్త మా కూరగాయలావిడకి కూడా చెయ్యమనండి! గుమ్మంలో కూర్చోకుండా, బండి లాక్కోకుండా, పదేళ్ళపాటు ప్రయత్నిస్తూనే వుండమనండి. 2016 దివాలా చట్టం వచ్చాక పెద్ద కంపెనీల బాకీల్లో బ్యాంకులకి తిరిగొచ్చేది సుమారు మూడో వంతు. పోయిన రెండు వంతుల్నీ వాళ్ళ భాషలో "హెయిర్‌కట్" అంటారు, అంటే క్షవరం. మాట బాగానే కుదిరింది. క్షవరమైతే గాని వివరం తెలియదని మనమూ అంటాం కదా!

చిన్న ఇళ్ళలో క్షవరం ఇంకోలా జరుగుతుంది. అప్పు ఎవరు చేసినా, ఎందుకు చేసినా, ఆఖరికి తాకట్టుకి వెళ్ళేది ఆడదాని మెళ్ళో బంగారం. విత్తనాలకి ఆయన అప్పు, కాలేజీ ఫీజుకి కొడుకు అప్పు, తీర్చేది ఆవిడ పుస్తెలతాడు. పేపర్లలో నగల వేలం ప్రకటనలు చూస్తూనే వుంటారుగా? పేర్లు, నంబర్లు, చీమలబారులా అక్షరాలు. ఒక్కొక్క నంబరు వెనక పసుపుతాడుకి పుస్తెలు కట్టుకుని, పేరంటానికి పిలిస్తే "ఒంట్లో బాగాలేదు వదినా" అని ఇంట్లో కూర్చుండిపోయిన ఇల్లాలు వుంటుంది. బాధ్యత గురించి ఆవిడకి చెప్పడానికి మనమెవరం?

నేను మాఫీలు అడగడం లేదు. మాఫీ బ్యాంకు పద్దులో పేరున్నవాడికే అందుతుంది. భూమి కాగితం లేక బ్యాంకు గడప ఎక్కలేని కౌలురైతు, నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చుకున్న అప్పుతో అలాగే మిగిలిపోతాడు. నేనడిగేవి చిన్న కోరికలు. డబ్బు లేదన్న నేరానికి ఏ బ్యాంకూ డబ్బు గుంజకూడదు. చార్జీల పట్టిక తెలుగులో, ముసలివాళ్ళకి కూడా కనబడే అక్షరాలతో, బ్యాంకు గోడమీద వుండాలి. ఎదుటిమనిషి తాహతు చూడకుండా అప్పు అంటగట్టినవాడు నష్టంలో వాటా పంచుకోవాలి. వడ్డీ పెరిగి పెరిగి అసలుని మించకూడదు. ఈ చివరిది నా విప్లవమేమీ కాదు, మన ప్రాచీన ధర్మశాస్త్రాలు పెట్టిన హద్దే.

ఇవి జరిగేదాకా, ఈసారి ఎవరికైనా దుప్పటి సామెత చెప్పబోయేముందు, "నీకు వడ్డీ ఎంత పడుతోంది, చార్జీలు ఎంత కోస్తున్నారు?" అని ఒక్కమాట అడిగి చూడండి. నెలనెలా అంచు కత్తిరిస్తూపోతే ఏ దుప్పటి కాళ్ళదాకా వస్తుంది? కాళ్ళు ముడుచుకుని ముడుచుకుని, ఆ మనిషి మోకాళ్ళు ఇప్పటికే గడ్డానికి ఆనుకుని వున్నాయి.